శాంతి ప్రతిజ్ఞ చేసినవాళ్ల యుద్ధం

1863 మే 28. బోస్టన్ వీధులకు అటూ ఇటూ, కిటికీల్లో, మేడల మీద జనం కిక్కిరిసిపోయారు. వెయ్యిమంది నల్లజాతి సిపాయిలు బారులు తీరి రేవు వైపు నడుస్తున్నారు. ముందు గుర్రం మీద వాళ్ల తెల్ల కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా, పాతికేళ్లవాడు. మసాచుసెట్స్ 54వ పటాలం సౌత్ కరోలినా తీరానికి బయల్దేరింది. దారిలో బానిసత్వ వ్యతిరేక వక్త వెండెల్ ఫిలిప్స్ ఇల్లు. ఆ ఇంటి బాల్కనీలో విలియం లాయిడ్ గారిసన్ నిలబడి ఉన్నాడు. పక్కనే, బానిసత్వం మీద ఆయుధమెత్తి ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ శిరోవిగ్రహం. దాని తల మీద చెయ్యి వేసి ఆయన ఆ కవాతును చూశాడని చెబుతారు.

ఆ చెయ్యి అక్కడికి చేరడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. ఏ మనిషీ ఏ మనిషి మీదా ఆయుధం ఎత్తకూడదని, ఆత్మరక్షణకైనా ఎత్తకూడదని ఊరూరా తిరిగి చెప్పినవాడు గారిసన్. బానిసత్వాన్ని కాపాడే రాజ్యాంగం కింద ఓటు వేయడమే పాపమన్నవాడు. 1854 జూలై 4న నిండు సభలో ఆ రాజ్యాంగం ప్రతిని తగలబెట్టినవాడు. అలాంటివాడు తుపాకులు పట్టిన పటాలానికి శుభం కోరుతూ నిలబడ్డాడు. ఆయన పెద్దకొడుకు జార్జ్ ఆ ఏడాదే దాని జోడు పటాలం 55వదానిలో లెఫ్టినెంటుగా చేరాడు.

బానిసత్వాన్ని రూపుమాపాలన్న మనుషులు యుద్ధం దాకా ఎలా వచ్చారు? మాట తప్పారా, లేక ఇచ్చిన రెండు మాటల్లో ఒకదాన్ని నిలబెట్టుకోవడానికి రెండోదాన్ని వదిలారా? అమెరికా అంతర్యుద్ధం గురించి రాసిన ప్రతి తరమూ ఈ ప్రశ్న దగ్గర ఆగింది. బోస్టన్ బాల్కనీ నుంచి చూస్తే ఇదొక ధర్మసంకటంగానే కనిపిస్తుంది. పత్తి చేలో నిలబడి చూస్తే వేరుగా ఉంటుంది. అక్కడున్నవాళ్లకు 1861కి ముందు కూడా శాంతి లేదు. కొరడా కింద బతుకుతున్నవాళ్లు యుద్ధంలోకి కొత్తగా దిగేదేముంది? ఈ వ్యాసం ఆ రెండో చోటు నుంచి చూస్తుంది.

గారిసన్ తన ‘లిబరేటర్’ పత్రికను 1831 జనవరి 1న బోస్టన్‌లో మొదలుపెట్టాడు. దాదాపు మూడేళ్ల తర్వాత, 1833 డిసెంబరులో, ఫిలడెల్ఫియాలో అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీ పుట్టింది. దాని ప్రకటన రాసింది ఆయనే. 1776 నాటి పెద్దలు స్వేచ్ఛ కోసం నెత్తురు చిందించారు, తాము మాత్రం మంచి కోసం కూడా చెడు చేయబోమని అందులో స్పష్టంగా చెప్పుకున్నారు. మనసులు మార్చాలి, అబద్ధాన్ని సత్యంతో ఎదిరించాలి. ఆ సభలో క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధం, బానిసత్వం రెండూ ఒకే చెట్టు కొమ్మలని వాళ్ల నమ్మకం: మనిషిని బలంతో లొంగదీయడమే ఆ చెట్టు వేరు. అయిదేళ్లకు గారిసన్, ఆయన మిత్రులు కలిసి న్యూ ఇంగ్లండ్ నాన్ రెసిస్టెన్స్ సొసైటీ కూడా పెట్టారు.

ఇది గదిలో కూర్చుని చెప్పిన నీతి కాదు. 1835 అక్టోబరులో బోస్టన్‌లోనే ఒక గుంపు గారిసన్‌ను తాడు కట్టి వీధుల్లో లాగింది. ప్రాణం దక్కాలంటే ఆ రాత్రి ఆయన జైల్లో తలదాచుకోవాల్సి వచ్చింది. అప్పుడూ ఆయన చెయ్యి ఎత్తలేదు. 1837 నవంబరు 7న ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌లో ఎలైజా లవ్‌జాయ్ అనే సంపాదకుడు తన అచ్చుయంత్రాన్ని కాపాడుకోబోయి గుంపు తుపాకులకు బలయ్యాడు. అంతకుముందు ఆయన యంత్రాలను మూడుసార్లు ధ్వంసం చేశారు. ఈసారి ఆయనా, ఆయన స్నేహితులూ తుపాకులతో కాపలా కాశారు. ఉద్యమం ఆయన్ను అమరుడని మొక్కింది. అదే సమయంలో ఆయుధం పట్టడం తప్పు కదా అని గారిసన్ వర్గం బాధపడింది. ఉద్యమంలో తొలి చీలిక గీత ఇక్కడే పడింది.

నల్లజాతి నాయకులకు ఆ బాధ తక్కువ. 1829లోనే బోస్టన్‌లో పాతబట్టల దుకాణం నడిపే డేవిడ్ వాకర్ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, దాన్ని రహస్యంగా దక్షిణాదికి పంపే ఏర్పాట్లు చేశాడు. బానిసలు ప్రతిఘటించడం ధర్మమేనని అందులో వాదించాడు. 1843లో బఫెలో నగరంలో జరిగిన నల్లజాతి మహాసభలో హెన్రీ హైలాండ్ గార్నెట్ బానిసలను ఉద్దేశించి ప్రసంగించాడు. ఎదురు తిరగండన్నది దాని సారం. ఆ ప్రసంగాన్ని సభ తరఫున ప్రకటించాలన్న తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. అప్పుడు దాన్ని వ్యతిరేకించినవాళ్లలో, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన పాతికేళ్ల ఫ్రెడరిక్ డగ్లస్ ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. పదహారేళ్ల వయసులో, మేరీలాండ్‌లో, తనను లొంగదీయడానికి నియమించిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతుతో బాహాబాహీ తలపడి మళ్లీ దెబ్బ తినకుండా నిలబడ్డవాడు డగ్లస్. తన బతుకు మలుపు అదేనని ఆయనే రాసుకున్నాడు. అయినా గారిసన్ మీద గౌరవంతో కొన్నేళ్లు శాంతిమార్గాన్నే పట్టుకున్నాడు. అనుభవం ఒకటి చెబుతుంటే సిద్ధాంతం మరొకటి చెప్పింది. చివరికి అనుభవమే గెలిచింది.

1850లో వచ్చిన పారిపోయిన బానిసల చట్టం ఉత్తరాది వాళ్ల గడప దాకా బానిసత్వాన్ని తెచ్చింది. పారిపోయి వచ్చిన మనిషిని పట్టి అప్పగించడంలో సాయపడటం ప్రతి పౌరుడి విధి అన్నది ఆ చట్టం. 1854 మే నెలలో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ని పట్టుకున్నారు. వూస్టర్‌లో పాస్టరుగా ఉన్న థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్, కొందరు నల్లవాళ్లతో కలిసి దూలంతో న్యాయస్థానం తలుపు బద్దలుకొట్టాడు. లోపల జరిగిన పెనుగులాటలో ఒక కాపలా మనిషి చనిపోయాడు. హిగిన్సన్ గడ్డం మీద కత్తి గాటు పడింది. బర్న్స్ మాత్రం విడుదల కాలేదు. వారం రోజుల తర్వాత సైనికుల కాపలా మధ్య, వేలాది జనం చూస్తుండగా, ఆయన్ను ఓడ ఎక్కించి వర్జీనియాకు పంపేశారు. ఆ రోజు నగరంలో చాలా దుకాణాలు నల్లగుడ్డలు కట్టుకున్నాయి. ఒక్క మనిషిని బానిసత్వంలోకి తిప్పి పంపడానికి ప్రభుత్వం అంత సైన్యాన్ని వాడగలిగితే, విడిపించడానికి మాటలు సరిపోతాయా? ఈ ప్రశ్న చాలామంది శాంతివాదుల నిద్ర చెడగొట్టింది.

అదే ఏడాది కేన్సస్ కొత్త భూమి సమస్య రాజుకుంది. అక్కడ బానిసలుండాలా వద్దా అన్నది స్థిరపడే జనమే తేల్చుకోవాలని చట్టం వచ్చింది. రెండు వైపుల నుంచీ జనం ఆయుధాలతో దిగారు. బ్రూక్లిన్ పాస్టరు హెన్రీ వార్డ్ బీచర్ మద్దతుతో వెళ్లిన షార్ప్స్ తుపాకులకు ‘బీచర్ బైబిళ్లు’ అని పేరు పడింది. 1856 మేలో పొటవాటమీ వాగు దగ్గర జాన్ బ్రౌన్, ఆయన కొడుకులు, అనుచరులు కలిసి బానిసత్వ పక్షం వాళ్లను అయిదుగురిని అర్ధరాత్రి ఇళ్ల నుంచి బయటికి లాగి కత్తులతో చంపారు. జాన్ బ్రౌన్‌ను వీరుడిగా కీర్తించే వ్యాసాలు ఈ పేజీని త్వరగా తిప్పేస్తాయి. అలా తిప్పడం సరికాదు. చీకట్లో నిరాయుధులను చంపడం అన్యాయమే, చంపినవాడి లక్ష్యం ఎంత గొప్పదైనా.

మూడేళ్ల తర్వాత, 1859 అక్టోబరు 16 రాత్రి, బ్రౌన్ 21 మంది అనుచరులతో వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద పడ్డాడు. వాళ్లలో అయిదుగురు నల్లవాళ్లు. ముప్ఫై ఆరు గంటల్లోనే అంతా అయిపోయింది. పట్టుకోవడానికి వచ్చిన సైనికులకు నాయకుడు రాబర్ట్ లీ. బ్రౌన్ కొడుకులు ఇద్దరు చనిపోయారు. డిసెంబరు 2న బ్రౌన్‌ను ఉరితీశారు. దీనికి డబ్బిచ్చిన ఆరుగురు ‘రహస్య మిత్రుల్లో’ హిగిన్సన్ ఒకడు. సంగతి బయటపడగానే వాళ్లలో గెరిట్ స్మిత్ మతి చలించి ఆస్పత్రి పాలయ్యాడు, కొందరు కెనడాకు వెళ్లిపోయారు, థియొడోర్ పార్కర్ అప్పటికే క్షయతో ఇటలీలో ఉన్నాడు. హిగిన్సన్ మాత్రం ఇల్లు కదలలేదు. దాడికి ముందు పెన్సిల్వేనియాలో ఒక రాతి క్వారీలో బ్రౌన్‌ను రహస్యంగా కలిసిన డగ్లస్, అది ఉక్కు బోనులోకి నడిచి వెళ్లడమేనని హెచ్చరించి చేరనన్నాడు. ఆయన వెంట వచ్చిన షీల్డ్స్ గ్రీన్ అనే పారిపోయిన బానిస మాత్రం బ్రౌన్‌తోనే ఉండిపోయాడు, ఉరికంబమూ ఎక్కాడు.

గారిసన్ మొదట ఈ దాడిని తప్పుదారి పట్టిన చర్య అన్నాడు. ఉరి రోజు బోస్టన్ సభలో మాత్రం, తాను శాంతివాదిగానే ఉంటూ, ప్రతి బానిస తిరుగుబాటూ గెలవాలని కోరుకుంటున్నానన్నాడు. పిరికితనంతో లొంగిపోవడం కంటే ఆయుధంతో ఎదిరించడం ఒక మెట్టు పైన ఉంటుందన్నది ఆయన వాదన. గాంధీ రచనలు చదివిన మన పాఠకులకు ఈ వాదన కొత్తగా అనిపించదు.

1861 ఏప్రిల్ 12న సౌత్ కరోలినాలోని ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ యుద్ధం బానిసలను విడిపించడానికి మొదలవలేదు. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు విడిపోయిన మాట నిజం. ఉత్తరాది ప్రభుత్వం మాత్రం దేశం విడిపోకూడదని యుద్ధం చేసింది. జూలైలో కాంగ్రెస్ ఆ మాటే తీర్మానంగా ఆమోదించింది. ఆగస్టులో మిస్సోరీలో జనరల్ ఫ్రీమాంట్ తిరుగుబాటుదార్ల బానిసలను విడుదల చేస్తున్నానంటే అధ్యక్షుడు లింకన్ ఆ ఉత్తర్వును మార్చేశాడు. 1862 మేలో జనరల్ హంటర్ మూడు రాష్ట్రాల బానిసలకు స్వేచ్ఛ ప్రకటిస్తే దాన్నీ రద్దుచేశాడు.

అలాంటి యుద్ధాన్ని ఈ మనుషులు ఎందుకు తమదిగా చేసుకున్నారు? వెండెల్ ఫిలిప్స్ అంతవరకూ బానిస రాష్ట్రాలతో తెగతెంపులే మంచిదని చెప్పినవాడు. సమ్టర్ తర్వాత పది రోజులు కాకముందే బోస్టన్‌లో వేదికెక్కి జెండా పక్షాన నిలబడ్డాడు. యుద్ధం సాగేకొద్దీ ప్రభుత్వం బానిసత్వాన్ని తాకక తప్పదని ఆయన లెక్క. గారిసన్ కూడా మే నెల వార్షిక సభను వాయిదా వేయించి, ఇది ప్రభుత్వాన్ని దుయ్యబట్టే సమయం కాదన్నాడు. ఈ లెక్కలో పెద్ద ప్రమాదం ఉంది. యుద్ధం మూడు నెలల్లో ముగిసిపోయి ఉంటే బానిసత్వం చెక్కుచెదరకుండా మిగిలేది. గెలుపు ఆలస్యమవడమే నలభై లక్షల మందికి దారి తెరిచింది. ఇది రాయడానికే కష్టంగా ఉండే నిజం.

ఆ దారి తెరిచిన చేతులు వేరేవాళ్లవి. 1861 మే నెలలో ఒక రాత్రి ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో వర్జీనియాలోని ఫోర్ట్ మన్రోకు చేరుకున్నారు. శత్రువుల కోటగోడలు కట్టే పని నుంచి తప్పించుకుని వచ్చారు. యజమాని మనిషి వచ్చి వాళ్లను తిరిగి అడిగితే జనరల్ బట్లర్ ఇవ్వనన్నాడు. శత్రువు ఆస్తిని జప్తు చేసుకోవచ్చు కదా అన్నాడు. మనిషిని ఆస్తి అన్న శత్రువు మాటనే శత్రువు మీదికి తిప్పాడు. కొద్ది వారాల్లో వందల మంది ఆ కోటకు చేరారు, యుద్ధం ముగిసేలోగా ఉత్తరాది (యూనియన్) సైన్యం శిబిరాలన్నిటికీ కలిపి లక్షల మంది. నల్లజాతి చరిత్రకారుడు డుబోయిస్ 1935లో రాసిన పునర్నిర్మాణ చరిత్రలో దీన్ని బానిసల సార్వత్రిక సమ్మె అన్నాడు. చాలాకాలం విశ్వవిద్యాలయాల చరిత్రకారులు ఆ మాటను పట్టించుకోలేదు. ఇవాళ ఈ ప్రశ్న మీద రాసే ఎవరూ దాన్ని దాటి వెళ్లలేరు.

ఇక హిగిన్సన్ దగ్గరికి తిరిగి వద్దాం. ఉద్యమం యుద్ధరంగంలో ఎలా ఉంటుందో అందరికంటే దగ్గరగా చూసి రాసినవాడు ఆయనే. 1862 నవంబరులో ఆయనకు సౌత్ కరోలినా తీరం నుంచి జనరల్ సాక్స్‌టన్ ఉత్తరం అందింది: మొన్నటిదాకా బానిసలుగా ఉన్నవాళ్లతో కూడుతున్న ఫస్ట్ సౌత్ కరోలినా పటాలానికి కర్నల్‌గా రమ్మని. కోర్టు తలుపు దూలంతో కొట్టిన పాస్టరు, జాన్ బ్రౌన్‌కు డబ్బు పోగుచేసిన మనిషి, ఇప్పుడు ప్రభుత్వ యూనిఫాం వేసుకుని అదే పనికి వెళ్లాడు. ఎమిలీ డికిన్సన్ తన కవితలు పంపి ఎలా ఉన్నాయో చెప్పమని ఆ ఏడాదే అడిగింది కూడా ఈ హిగిన్సన్‌నే.

1863 జనవరి 1. బోఫర్ట్ దగ్గర ఒక పాత తోటలో, నాచు వేలాడే ఓక్ చెట్ల కింద సభ. లింకన్ విముక్తి ప్రకటనను చదివింది డాక్టర్ బ్రిస్బేన్. ఆయన ఒకప్పుడు అదే రాష్ట్రంలో బానిసలున్న యజమాని, తర్వాత మనసు మారి వాళ్లను విడిపించినవాడు. హిగిన్సన్ జెండా అందుకుని మాట్లాడబోతున్నాడు. ఎవరూ అనుకోలేదు, జనంలోంచి ఒక ముసలాయన వణికే గొంతుతో దేశభక్తి గీతం ఎత్తుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు గొంతు కలిపారు. తర్వాత నల్లవాళ్లందరూ. వేదిక మీది తెల్లవాళ్లు కూడా పాడబోతే హిగిన్సన్ చేత్తో వారించాడు. తమదని చెప్పుకోగల దేశం ఆ జనానికి అంతవరకూ లేదు. దొరికిన నిమిషాన వాళ్ల గొంతే వినబడాలన్నది ఆయన ఆలోచన. ఆ పటాలంలో బట్టలు ఉతికే పనికి చేరి సిపాయిలకు అక్షరాలు నేర్పిన సూసీ కింగ్ టేలర్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు. జార్జియాలో బానిసగా పుట్టిన ఆమె 1902లో తన శిబిర జ్ఞాపకాలను పుస్తకంగా అచ్చువేసింది. హిగిన్సన్ పుస్తకం పక్కన దాన్ని పెట్టుకుని చదివితేనే ఆ పటాలం కథ నిండుగా తెలుస్తుంది.

మసాచుసెట్స్ 54, 55 పటాలాల కథ మరోలా నడిచింది. వీటిలో చేరినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాదిలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లు. మనుషులను చేర్చే బాధ్యత జాన్ బ్రౌన్ రహస్య మిత్రుల్లో ఇంకొకడైన జార్జ్ స్టెర్న్స్ తీసుకున్నాడు. డగ్లస్ 1863 మార్చిలో తన పత్రికలో పిలుపు ప్రచురించి, ఊళ్లు తిరిగి యువకులను పోగుచేశాడు. ముందు తన కొడుకులు లూయిస్, చార్లెస్‌లను పంపి తర్వాతే ఇతరుల కొడుకులను అడిగాడు. అధికారులను మాత్రం గవర్నర్ ఆండ్రూ బానిసత్వ నిర్మూలనవాద కుటుంబాల్లోంచి వెతికాడు. షా తల్లిదండ్రులు పేరున్న నిర్మూలనవాదులు. షా మొదట కర్నల్ పదవి వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఆయన కింది స్థానంలో ఉన్న ఎడ్వర్డ్ హాలోవెల్, 55వ పటాలం కర్నల్ నార్వుడ్ హాలోవెల్ అన్నదమ్ములు. ఫిలడెల్ఫియా క్వేకర్ల ఇంటి పిల్లలు. కత్తి ముట్టకూడదన్న మతంలో పుట్టి కత్తి కట్టుకున్నారు.

జూలై 18 సాయంత్రం చార్ల్స్‌టన్ రేవు దగ్గర ఫోర్ట్ వాగ్నర్ మీదికి 54వ పటాలం ఇసుక తీరం వెంట నేరుగా దాడికి దిగింది. సుమారు 600 మందిలో 270 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా జాడ లేకుండా పోయారు. కోటగోడ మీద షా నేలకొరిగాడు. శత్రువులు ఆయన్ను ఆయన సిపాయిలతో పాటు ఒకే గుంటలో పూడ్చారు, అవమానమనుకుని. ఆ శవాన్ని వెలికి తీయవద్దని, తన సిపాయిల మధ్య కంటే మంచి చోటు వాడికి దొరకదని తండ్రి రాశాడు. జెండాను నేల తాకనివ్వకుండా గాయాలతో పాక్కుంటూ వెనక్కి తెచ్చిన సార్జెంట్ విలియం కార్నీకి మెడల్ ఆఫ్ ఆనర్ అందింది 1900లో. ముప్ఫై ఏడేళ్ల తర్వాత.

ఆ వారమే న్యూయార్క్‌లో సైన్యంలో నిర్బంధ చేరికకు వ్యతిరేకంగా అల్లర్లు జరిగాయి. గుంపులు నల్లవాళ్లను వేటాడాయి, నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టాయి. వాగ్నర్‌లో పోరాడిన సార్జెంట్ రాబర్ట్ సిమన్స్ మేనల్లుడు అక్కడ ఆ గుంపు చేతిలో చనిపోయాడు. సిమన్స్ శత్రువుకు బందీగా చిక్కి ప్రాణాలు విడిచాడు. ఒకే కుటుంబం ఒకే వారంలో రెండు వైపుల నుంచీ దెబ్బ తింది.

నల్ల సిపాయిల రెండో యుద్ధం సొంత సైన్యంతో. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, బట్టల భత్యం అదనం. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులో బట్టలకు 3 కోత. చేతికొచ్చేది 7. మసాచుసెట్స్ ప్రభుత్వం ఆ తేడా తానిస్తానంది. సిపాయిలు వద్దన్నారు. డబ్బు తక్కువైందని కాదు, మనిషి విలువ తగ్గించారని వాళ్ల అభ్యంతరం. ఏడాదిన్నర పాటు ఒక్క పైసా తీసుకోకుండా పోరాడారు. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు దానధర్మాల మీద బతికారు. థర్డ్ సౌత్ కరోలినా పటాలంలో సార్జెంట్ విలియం వాకర్, జీతం ఒప్పందం ప్రకారం ఇవ్వనప్పుడు తాము సిపాయిలం కాదంటూ తన మనుషులతో తుపాకులు కిందపెట్టించాడు. తిరుగుబాటు నేరం మోపి 1864 ఫిబ్రవరి 29న ఆయన్ను కాల్చి చంపారు. స్వేచ్ఛ కోసం సాగుతున్న యుద్ధంలో సమానత్వం అడిగినందుకు పడిన శిక్ష అది. ఈ మొత్తం కథలో వాకర్ పేరు తెలిసినవాళ్లు అతి తక్కువ.

1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలు సమానం చేసింది. అందులోనూ ఒక మెలిక పెట్టింది. 1861 ఏప్రిల్ 19 నాటికి స్వేచ్ఛగా ఉన్నవాళ్లకే చేరిన రోజు నుంచి బకాయి ఇస్తారు. 54వ పటాలంలో కొందరు అప్పటికి బానిసలు. ఇక్కడ క్వేకర్ ఇంటి పెంపకం పనికొచ్చింది. ఎడ్వర్డ్ హాలోవెల్ ఒక ప్రమాణ వాక్యం తయారుచేశాడు: ఆ తేదీ నాటికి తమ శ్రమను కూలి లేకుండా అడిగే హక్కు ఏ మనిషికీ లేదని. బానిసత్వం దేవుడి ముందు చెల్లదని నమ్మేవాడు ఆ మాట మీద నిండు మనసుతో ప్రమాణం చేయగలడు. అలా అందరూ చేశారు. బకాయిలు వచ్చాయి. సిపాయిలు దానికి ‘క్వేకర్ ప్రమాణం’ అని పేరుపెట్టుకున్నారు. హిగిన్సన్ పటాలంలో అందరూ మాజీ బానిసలే కాబట్టి ఆ దారి వాళ్లకు చాల్లేదు. ఆయన పత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వాళ్లకు పూర్తి న్యాయం 1865 మార్చిలో గానీ దక్కలేదు.

యుద్ధంలో దిగినవాళ్లందరి చేతులూ శుభ్రంగా లేవు. కేన్సస్ పోరాటాల్లో ఆరితేరిన జేమ్స్ మాంట్‌గొమరీ 1863 జూన్‌లో జార్జియాలోని డేరియన్ అనే ఎదురు లేని చిన్న ఊరిని తగలబెట్టించాడు. పక్కనున్న షా ఇది సైనికుల పని కాదని మండిపడ్డాడు. అదే మాంట్‌గొమరీ అంతకు కొద్ది రోజుల ముందు, బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియట్ టబ్‌మన్ సేకరించిన సమాచారంతో, ఆమెను వెంటబెట్టుకుని కాంబహీ నది మీదికి పడవలు నడిపాడు. ఒక్క రాత్రిలో 700 మందికి పైగా బానిసలు ఆ పడవలెక్కారు. వండుతున్న అన్నం కుండను నెత్తిన పెట్టుకుని వచ్చిన తల్లి గురించి టబ్‌మన్ తర్వాత చెప్పేది. ఇంత చేసిన ఆమె ప్రభుత్వ పింఛను కోసం దశాబ్దాలు తిరిగింది.

తుపాకి పట్టనివాళ్ల సంగతి కూడా చెప్పకపోతే ఈ లెక్క తప్పుతుంది. మసాచుసెట్స్‌లో హోప్‌డేల్ అనే శాంతి గ్రామం స్థాపించిన ఏడిన్ బాలూ చివరిదాకా కదలలేదు. పాత మిత్రులు యుద్ధానికి జై కొడుతుంటే ఒంటరివాడయ్యాడు. ముసలితనంలో ఆయనకు టాల్‌స్టాయ్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. టాల్‌స్టాయ్ తన ‘దేవుని రాజ్యం నీలోనే ఉంది’ పుస్తకంలో గారిసన్ శాంతి ప్రకటననూ, బాలూ రాతలనూ ఎత్తి చూపాడు. 1894లో దక్షిణాఫ్రికాలో ఆ పుస్తకం గాంధీ చేతికి వచ్చింది. గారిసన్ 1861లో పక్కన పెట్టినది మన దేశానికి ఆ దారిన చేరింది.

ఫిలడెల్ఫియా క్వేకర్ లుక్రీషియా మాట్ కథ మరీ చిత్రం. ఆమె ఇంటి పక్కనే, అల్లుడి భూమిలో, క్యాంప్ విలియం పెన్ వెలిసింది. దాదాపు 11 వేల మంది నల్ల సిపాయిలు అక్కడ శిక్షణ పొందారు. శాంతివాది విలియం పెన్ పేరు పెట్టుకున్న సైనిక శిబిరం! ఆమె యుద్ధాన్ని ఒప్పుకోలేదు. ఆ సిపాయిలను మాత్రం ఆదరించింది, వాళ్లతో మాట్లాడింది. వర్జీనియా యజమానుల ఇంట్లో పుట్టిన మాంక్యూర్ కాన్వే ఇంకో దారి పట్టాడు. 1862లో తండ్రి బానిసలను ఒహాయోకు చేర్చి విడిపించినవాడు, 1863లో లండన్‌లో దక్షిణాది రాయబారితో బేరం మొదలుపెట్టాడు: మీరు బానిసలను వదిలేస్తే మేం యుద్ధాన్ని వ్యతిరేకిస్తామని. అమెరికాలోని మిత్రులు ఆయనకు ఆ అధికారం ఎవరిచ్చారని కస్సుమన్నారు. ఉద్యమం అప్పటికి ఎంతగా యుద్ధంతో కలిసిపోయిందో ఆ కోపమే చెబుతుంది.

ఆడవాళ్లు మరో పోరాటం నడిపారు. 1863 మేలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ ఆంథొనీ స్థాపించిన మహిళా సంఘం బానిసత్వాన్ని రాజ్యాంగం ద్వారానే రద్దు చేయాలని సుమారు 4 లక్షల సంతకాలు పోగుచేసింది. తొలి లక్ష సంతకాల కట్టలను 1864 ఫిబ్రవరిలో ఇద్దరు నల్లజాతి మనుషులు సెనేట్‌లోకి మోసుకొచ్చారు. 1865 డిసెంబరులో 13వ సవరణ అమల్లోకి వచ్చింది.

చరిత్రకారుల వాదన ఇవాళ ఎక్కడుంది? జార్జ్ ఫ్రెడ్రిక్సన్ 1965లో ఉత్తరాది మేధావుల గురించి రాస్తూ, యుద్ధం వాళ్ల పాత ఆదర్శాలను మింగేసి ప్రభుత్వ బలానికి మొక్కేలా చేసిందన్నాడు. అంతకు ఏడాది ముందు జేమ్స్ మెక్‌ఫర్సన్, నిర్మూలనవాదులు యుద్ధంలోనూ తర్వాతా సమానత్వం కోసం గట్టిగా పోరాడారని చూపించాడు. మామూలు సిపాయి దేనికోసం పోరాడాడన్న దాని మీద చాండ్రా మానింగ్ ఒకవైపు, గ్యారీ గాలఘర్ మరోవైపు. దక్షిణాదిలో బానిసత్వాన్ని కళ్లారా చూసిన సిపాయిలు నాయకుల కంటే ముందే మారారని మానింగ్ అంటుంది. అధికుల గుండెలో ఉన్నది దేశ ఐక్యతేనని గాలఘర్ అంటాడు. భారత్‌లో పుట్టిన మనీషా సిన్హా 2016లో వెలువరించిన పెద్ద గ్రంథం ఉద్యమం కేంద్రాన్నే జరిపింది: నిర్మూలనవాదమంటే బోస్టన్ తెల్లవాళ్ల దయ కాదని, బానిసల ప్రతిఘటనే దాని గుండెకాయ అని. ఈ వ్యాసం రాస్తున్నవారి మొగ్గు అటే. యూనియన్ సైన్యంలో చేరిన నల్లవాళ్లు సుమారు 1,79,000 మంది, వాళ్లలో చనిపోయినవాళ్లు దాదాపు 40 వేలు. యుద్ధానికి వెళ్లిన నిర్మూలనవాదులెవరని అడిగితే మొదట చూపించాల్సింది వాళ్లనే.

1865 ఫిబ్రవరిలో 55వ పటాలం జాన్ బ్రౌన్ పాట పాడుకుంటూ చార్ల్స్‌టన్ వీధుల్లోకి నడిచింది. ఏప్రిల్ 14న సమ్టర్ కోట మీద మళ్లీ జెండా ఎత్తిన రోజు గారిసన్ అక్కడున్నాడు. వెంట ఆయన బ్రిటిష్ మిత్రుడు జార్జ్ థాంప్సన్. 1843లో కలకత్తాలో బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీని నిలబెట్టిన థాంప్సనే ఈయన, గారిసన్ కొడుక్కి పెట్టుకున్నదీ ఈయన పేరే. ఆ రాత్రే వాషింగ్టన్‌లో లింకన్ మీద తుపాకి పేలింది. మరుసటి నెలలో గారిసన్, పని అయిపోయింది కాబట్టి అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీని మూసేద్దామన్నాడు. డగ్లస్, ఫిలిప్స్ ఎదురు తిరిగారు. నల్లవాడికి ఓటు లేనంతవరకూ బానిసత్వం పోయినట్టు కాదన్నాడు డగ్లస్. 118కి 48 ఓట్లతో గారిసన్ ఓడిపోయాడు. సొసైటీ 1870 దాకా, 15వ సవరణ వచ్చేదాకా నడిచింది. మూడేళ్లకు, 1873లో, పుణేలో జోతిరావు ఫులే తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు.

ఆ మధ్యలో, 1869లో, వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో ఒక కంపోజిటర్ చేరాడు. అక్షరాలు కూర్చడం చిన్నప్పుడు తండ్రి పత్రికలో నేర్చుకున్నాడు. కార్మిక సంఘం సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంటే, నల్లవాడన్న కారణంగా ముద్రణ కార్మికుల సంఘం అతన్ని చేర్చుకోలేదు. అతని పేరు లూయిస్ డగ్లస్. ఫోర్ట్ వాగ్నర్ ఇసుకలో 54వ పటాలానికి సార్జెంట్ మేజర్‌గా నిలబడ్డవాడు.